దేశం దాటినా మీ నంబరు ఎలా మోగుతుంది? రోమింగ్ వెనుక ఉన్న ఏర్పాటు ఇదీ

శంషాబాద్‌లో విమానం ఎక్కిన అమ్మానాన్నలు డాలస్‌లో దిగారనుకుందాం. ఫ్లైట్ మోడ్ తీసేయగానే ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా వచ్చాయి. మన కంపెనీ పేరు ఉండే చోట ఏదో అమెరికా కంపెనీ పేరు కనిపించింది. ఆగిపోయిన వాట్సాప్ మెసేజ్‌లన్నీ వరసగా వచ్చి పడ్డాయి. 'దిగాం నాన్నా, ఎక్కడున్నావ్?' అని కొడుక్కి మామూలు కాల్ చేద్దామంటే మాత్రం కలవదు. రెండోసారి చేసినా అంతే.

సిగ్నల్ ఉంది. డేటా వస్తోంది. బయలుదేరే ముందు రోమింగ్ ప్యాక్ కూడా వేయించారు. మరి కాల్ ఎందుకు వెళ్లడం లేదు? పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లే పెద్దవాళ్లున్న ఇళ్లలో ఈ ప్రశ్న కొత్త కాదు.

దీనికి జవాబు టవర్ దగ్గర దొరకదు. మన కంపెనీ, అక్కడి కంపెనీ తమలో తాము ఎలా మాట్లాడుకుంటాయన్న దాంట్లో ఉంది. ఆ సంభాషణ పాత టెలిఫోన్ పద్ధతి నుంచి ఇంటర్నెట్ ప్రొటోకాల్‌కు, అంటే ఐపీకి మారుతోంది. ఈ మార్పుతో లాభాలు చాలా వచ్చాయి. కానీ ఒకప్పుడు మనం పట్టించుకోకపోయినా జరిగిపోయిన పనిని ఇప్పుడు ముందుగా సరిచూసుకోవాల్సి వస్తోంది.

ఒక కంపెనీ కాల్ మరో కంపెనీకి ఎలా చేరుతుంది?

విదేశాల సంగతి తర్వాత. ముందు మన ఊళ్లోనే చూద్దాం. విజయవాడలో ఎయిర్‌టెల్ నంబరు నుంచి వరంగల్‌లో జియో నంబరుకు కాల్ చేశారు. ఎయిర్‌టెల్ టవర్ నుంచి జియో టవర్‌కు నేరుగా దారి ఉండదు. రెండు కంపెనీల నెట్‌వర్క్‌లు కొన్ని నిర్ణీత ప్రదేశాల్లో కలుస్తాయి. వాటిని పాయింట్ ఆఫ్ ఇంటర్‌కనెక్షన్ అంటారు. మీ కాల్ అక్కడిదాకా ఒక కంపెనీ బాధ్యత, అక్కడి నుంచి మరో కంపెనీ బాధ్యత.

మన దేశాన్ని టెలికాం లైసెన్సుల కోసం 22 సర్కిళ్లుగా విభజించారు. రాష్ట్రం రెండుగా విడిపోయినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకటే సర్కిల్. దాని పేరు ఆంధ్రప్రదేశ్ సర్కిల్. అందుకే రోమింగ్‌కు విడిగా డబ్బులు తీసుకున్న రోజుల్లో కూడా హైదరాబాద్ నంబరుతో విశాఖ వెళ్తే ఛార్జీ పడేది కాదు, బెంగళూరు వెళ్తే పడేది.

కంపెనీల మధ్య ఉన్న ఈ కలయిక పాయింట్లు సరిపోకపోతే ఏమవుతుందో 2016లో దేశమంతా చూసింది. ఆ ఏడాది సెప్టెంబర్ 5న జియో సేవలు మొదలయ్యాయి. పాత కంపెనీలు తగినన్ని ఇంటర్‌కనెక్షన్ పోర్టులు ఇవ్వడం లేదని, తమ వినియోగదారులు చేసే ప్రతి 100 కాల్స్‌లో 75కు పైగా విఫలమవుతున్నాయని జియో ఫిర్యాదు చేసింది. రద్దీ వల్ల విఫలమయ్యే కాల్స్ 0.5 శాతం దాటకూడదన్నది ట్రాయ్ ప్రమాణం. అంటే వెయ్యింటిలో 5 మాత్రమే. పాత కంపెనీలు ఆరోపణలను ఖండించాయి. ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాలకు కలిపి రూ.3,050 కోట్ల జరిమానా వేయాలని 2016 అక్టోబర్‌లో ట్రాయ్ సిఫార్సు చేసింది. 2021లో టెలికాం శాఖ డిమాండ్ నోటీసులు జారీ చేసింది.

అంటే సిగ్నల్ ఎంత బాగున్నా, ఫోన్ ఎంత ఖరీదైనదైనా, రెండు కంపెనీల మధ్య దారి ఇరుకైతే కాల్ కలవదు. రోమింగ్‌లోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

కాల్ మోసినందుకు ఎవరు ఎవరికి చెల్లిస్తారు?

మీరు చేసిన కాల్‌ను అవతలి కంపెనీ తన నెట్‌వర్క్ మీద మోసి ఫోన్ మోగిస్తుంది కదా. అందుకు మీ కంపెనీ దానికి కొంత చెల్లించాలి. దీన్ని టర్మినేషన్ ఛార్జీ అంటారు. వార్తల్లో ఐయూసీ అన్న పేరుతో వినిపించింది ఇదే. 2017 అక్టోబర్ 1 నుంచి దీన్ని నిమిషానికి 14 పైసల నుంచి 6 పైసలకు తగ్గించారు. 2019 అక్టోబర్‌లో జియో ఇతర నెట్‌వర్క్‌లకు చేసే కాల్స్‌కు నిమిషానికి 6 పైసలు వసూలు చేయడం మొదలుపెట్టింది ఈ ఛార్జీ పేరుతోనే. 2021 జనవరి 1 నుంచి దేశంలోని కాల్స్‌కు టర్మినేషన్ ఛార్జీ సున్నా అయింది.

విదేశాల నుంచి వచ్చే కాల్స్‌కు మాత్రం ఛార్జీ కొనసాగుతోంది. 2020 మే 1 నుంచి దీన్ని నిమిషానికి 35 నుంచి 65 పైసల మధ్య కంపెనీలే నిర్ణయించుకోవచ్చని ట్రాయ్ చెప్పింది. దేశంలో సున్నా, విదేశీ కాల్‌కు అర్ధ రూపాయి. ఈ తేడాయే 'సిమ్ బాక్స్' ముఠాలకు ఆదాయం. విదేశీ కాల్‌ను ఇంటర్నెట్ మీద తెచ్చి, ఇక్కడ ఒక గదిలో పెట్టెలో గుచ్చిన వందల సిమ్‌ల ద్వారా లోకల్ కాల్‌లా మార్చేస్తారు. హైదరాబాద్ సహా పలు నగరాల్లో పోలీసులు పట్టుకున్న 'అక్రమ టెలిఫోన్ ఎక్స్ఛేంజీ'లు ఇవే.

ఐపీ వచ్చాక ఏం మారింది?

పాత పద్ధతిలో మీరు మాట్లాడినంతసేపూ రెండు చివరల మధ్య ఒక దారి మీ కోసమే కేటాయించి ఉంటుంది. ఇద్దరూ మౌనంగా ఉన్నా ఆ దారిని మరొకరికి ఇవ్వరు. కంపెనీల మధ్య లింకులను 'ఈ1' అనే కొలతలో లెక్కిస్తారు. ఒక ఈ1 మీద ఒకేసారి 30 కాల్స్ నడుస్తాయి. 31వ వ్యక్తికి దారి లేదు. 2016 గొడవంతా ఈ పోర్టుల సంఖ్య మీదే.

ఐపీ పద్ధతిలో మాటను చిన్న చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్క మీద చిరునామా రాసి పంపిస్తారు. ఆ ముక్కలే ప్యాకెట్లు. ఒకే తీగ మీద మీ మాట, పక్కవారి వీడియో, ఇంకొకరి మెసేజ్ కలిసి ప్రయాణిస్తాయి. మాటకు సంబంధించిన ప్యాకెట్లకు ముందు దారి ఇస్తారు. సామర్థ్యం పెంచాలంటే కొత్త లింకులు ఒక్కొక్కటిగా కలపాల్సిన అవసరం తగ్గుతుంది.

4జీ నెట్‌వర్క్ పుట్టుకతోనే ఐపీ. అందులో పాత తరహా కాల్ దారి అసలు లేదు. మాట కూడా డేటాలాగే వెళ్తుంది. ఫోన్ పైభాగంలో సిగ్నల్ పక్కన కనిపించే 'వీఓఎల్‌టీఈ' గుర్తు దానిదే. వాడుకలో వోల్టీ అంటున్నారు. జియో మన దేశంలో 2జీ, 3జీ లేకుండా పూర్తిగా ఈ పద్ధతి మీదే మొదలైంది. మిగతా కంపెనీలు పాత పద్ధతిని ఉంచుకుంటూనే దీన్ని జోడించాయి.

డాలస్ టవర్ మిమ్మల్ని ఎలా గుర్తుపడుతుంది?

ఫ్లైట్ మోడ్ తీసిన క్షణం నుంచి సిగ్నల్ గీతలు వచ్చేలోపు చాలా పని జరుగుతుంది.

మొదట ఫోన్ చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌లను వెతుకుతుంది. ఏ దేశంలో ఏ కంపెనీకి ప్రాధాన్యం ఇవ్వాలో చెప్పే జాబితా సిమ్‌లోనే ఉంటుంది. ఎక్కువగా మన కంపెనీకి మంచి ధరకు ఒప్పందం ఉన్న కంపెనీలే అందులో పైన ఉంటాయి.

తర్వాత ఫోన్ తన సిమ్ గుర్తింపు సంఖ్యను చెబుతుంది. ఇది మీ 10 అంకెల మొబైల్ నంబరు కాదు. ఐఎంఎస్ఐ అనే 15 అంకెల సంఖ్య. దాని మొదటి మూడు అంకెలు దేశాన్ని చెబుతాయి. భారత్‌కు 404, 405. తర్వాతి అంకెలు కంపెనీని చెబుతాయి. అవి చూడగానే 'ఇది భారత్‌లోని ఫలానా కంపెనీ సిమ్' అని అమెరికా కంపెనీకి తెలిసిపోతుంది.

అప్పుడది మన కంపెనీకి ఒక ప్రశ్న పంపుతుంది. 'ఈ సిమ్ మీదేనా? దీనికి రోమింగ్ అనుమతి ఉందా?' మన కంపెనీ వెంటనే ఔననదు. ఒక లెక్క ఇస్తుంది. దానికి సరైన జవాబు ఇవ్వాలంటే సిమ్‌లో దాచిన రహస్య సంఖ్య కావాలి. ఆ సంఖ్య సిమ్‌లో ఒకటి, మన కంపెనీ సర్వర్‌లో ఒకటి తప్ప ఇంకెక్కడా ఉండదు. అమెరికా కంపెనీకి కూడా అది తెలియదు. సిమ్ ఇచ్చిన జవాబు సరిపోతేనే తలుపు తెరుచుకుంటుంది.

చివరగా మన కంపెనీ తన రికార్డులో 'ఈ నంబరు ఇప్పుడు అమెరికాలో ఫలానా నెట్‌వర్క్‌లో ఉంది' అని రాసుకుంటుంది. ఇకపై గుంటూరు నుంచి ఎవరైనా కాల్ చేస్తే ఎక్కడికి పంపాలో దానికి తెలుసు. ఇదంతా సాధారణంగా కొద్ది సెకన్లలో అయిపోతుంది. విమానం దిగిన వెంటనే మొదటిసారి మాత్రం ఒకటి రెండు నిమిషాలు పట్టవచ్చు.

ఈ ప్రశ్నలు, జవాబులు 2జీ, 3జీల్లో ఎస్ఎస్7 అనే పాత సంకేత భాషలో నడిచేవి. 4జీలో డయామీటర్ అనే ఐపీ ఆధారిత భాష వచ్చింది. 5జీలో వెబ్‌సైట్లు వాడే తరహా భాషకు మారారు.

ఈ సంభాషణ మామూలు ఇంటర్నెట్ మీదే జరుగుతుందా?

జరగదు. మొబైల్ కంపెనీల కోసం ఐపీ మీదే నడిచే ఒక ప్రత్యేక నెట్‌వర్క్ ఉంది. దాని పేరు ఐపీఎక్స్. మామూలు ఇంటర్నెట్‌తో దీనికి సంబంధం ఉండదు. మీ ఇంటి వైఫై నుంచి దాన్ని చేరుకోలేరు.

2000 ప్రాంతంలో ఫోన్లలో డేటా మొదలైనప్పుడు, రోమింగ్ డేటాను మోయడానికి జీఆర్ఎక్స్ అనే ఏర్పాటు వచ్చింది. దాన్నే విస్తరించి, కాల్స్‌నూ సంకేతాలనూ మోయగలిగేలా ఐపీఎక్స్‌ను రూపొందించారు. నిబంధనలు రాసేది మొబైల్ కంపెనీల అంతర్జాతీయ సంఘం జీఎస్ఎంఏ.

ప్రపంచంలో వందల మొబైల్ కంపెనీలు ఉన్నాయి. ప్రతి ఒక్కటీ మిగతా వాటన్నిటితో విడివిడిగా తీగలు వేసుకోవడం కుదరదు. అందుకే మధ్యలో కొన్ని పెద్ద సంస్థలు మోతదారులుగా ఉంటాయి. మన టాటా కమ్యూనికేషన్స్, బెల్జియంకు చెందిన బిక్స్ అలాంటివే. మొబైల్ కంపెనీ వీటిలో ఒకటి రెండింటితో కలిస్తే చాలు. ఆ మోతదారులు ఆమ్‌స్టర్‌డామ్, సింగపూర్ లాంటి చోట్ల ఒకరితో ఒకరు కలుస్తారు.

తీగ ఉన్నంత మాత్రాన రోమింగ్ వచ్చేయదు. రెండు కంపెనీల మధ్య ఒప్పందం ఉండాలి. తర్వాత పరీక్షలు జరగాలి. ఒకరి సిమ్‌లు మరొకరి దేశంలో పెట్టి కాల్, మెసేజ్, డేటా, బిల్లు అన్నీ సరిగా వస్తున్నాయో చూస్తారు. ముఖ్యమైన విషయం ఏమిటంటే, డేటా రోమింగ్‌కు ఒప్పందం కుదిరినంత మాత్రాన వోల్టీ కాల్స్ రోమింగ్‌కు కూడా కుదిరినట్టు కాదు. దానికి మళ్లీ విడిగా ఏర్పాటు, విడిగా పరీక్షలు ఉంటాయి.

రోమింగ్‌లో నెట్ ఎందుకు నెమ్మదిగా అనిపిస్తుంది?

డాలస్‌లో కూర్చుని మన సిమ్ మీద ఒక అమెరికా వెబ్‌సైట్ తెరిచారు. అది నేరుగా డాలస్ నుంచే తెరుచుకుంటుందని అనుకుంటాం. సాధారణంగా అలా జరగదు. మీ డేటా అక్కడి టవర్ నుంచి ఐపీఎక్స్ మీదుగా మన కంపెనీ గేట్‌వేకు, అంటే భారత్‌కు వస్తుంది. ఇక్కడి నుంచి ఇంటర్నెట్‌లోకి వెళ్లి, మళ్లీ అమెరికా సర్వర్‌ను చేరుతుంది. జవాబు కూడా అదే దారిలో తిరిగొస్తుంది.

న్యూయార్క్‌కు ముంబయికి మధ్య దూరం సుమారు 12,500 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. న్యూయార్క్‌లో ఉన్న మీరు న్యూయార్క్‌లోనే ఉన్న సర్వర్‌ను అడిగినా, ప్రశ్న ఇక్కడికి వచ్చి వెళ్లాలి, జవాబూ ఇక్కడికి వచ్చి వెళ్లాలి. మొత్తం 50,000 కిలోమీటర్లు. అంటే తీగలు తిన్నగా ఉన్నా కనీసం పావు సెకను ఆలస్యం. నిజానికి తీగలు తిన్నగా ఉండవు కాబట్టి ఇంకా ఎక్కువే.

ఈ పద్ధతి వల్ల ఒక చిత్రమైన ఫలితం ఉంది. చైనాలో స్థానిక సిమ్ మీద గూగుల్, వాట్సాప్ తెరుచుకోవు. రోమింగ్‌లో ఉన్న భారత సిమ్ మీద సాధారణంగా తెరుచుకుంటాయి. ఎందుకంటే మీ డేటా ఇంటర్నెట్‌లో అడుగుపెట్టేది చైనాలో కాదు, భారత్‌లో. ప్రయాణికుల కోసం అమ్మే ఈ-సిమ్‌లు వాడినప్పుడు మీరు ఒక దేశంలో ఉంటే యాప్‌లు మరో దేశం పేరు చూపించడానికి కారణం కూడా ఇదే. ఆ ఈ-సిమ్ కంపెనీ గేట్‌వే మూడో దేశంలో ఉంటుంది.

మరి డాలస్‌లో కాల్ ఎందుకు కలవలేదు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మొన్నమొన్నటి దాకా విదేశాల్లో కాల్ చేయగానే ఫోన్ 4జీ నుంచి 3జీకో 2జీకో దిగిపోయేది. పాత పద్ధతిలో కాల్ కలిసేది. మనకు తేడా తెలిసేది కాదు. చాలా వరకు ఏ కంపెనీ సిమ్ అయినా, ఏ ఫోన్ అయినా పనిచేసేది. ఎందుకంటే ఆ పద్ధతి చాలా చోట్ల ఒకేలా ఉండేది.

ఇప్పుడు చాలా దేశాల్లో ఆ దిగే మెట్టు లేదు. అమెరికాలో మూడు పెద్ద కంపెనీలూ 2022లోనే 3జీని మూసేశాయి. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా, ఆప్టస్ 2024 అక్టోబర్ 28 నుంచి మూసివేత మొదలుపెట్టాయి. అక్కడ కాల్ వెళ్లాలంటే వోల్టీ ఒక్కటే దారి. అది పనిచేయాలంటే మూడు కుదరాలి. మీ కంపెనీకి అక్కడి కంపెనీతో వోల్టీ రోమింగ్ ఒప్పందం ఉండాలి. మీ ప్యాక్‌లో ఆ సౌకర్యం ఉండాలి. మీ ఫోన్ మోడల్‌లో విదేశీ నెట్‌వర్క్‌పై వోల్టీకి అవసరమైన సాఫ్ట్‌వేర్ ఉండాలి. మూడింటిలో ఏది లేకపోయినా డేటా వస్తుంది, కాల్ రాదు. డాలస్‌లో అమ్మానాన్నలకు జరిగింది అదే.

కొడుక్కి వాట్సాప్ కాల్ చేసుకుంటే సరిపోతుంది కదా అనిపించవచ్చు. కానీ ఆపదలో అది సరిపోదు. అమెరికాలో 911కు వాట్సాప్‌లో కాల్ చేయలేం. ఆస్ట్రేలియాలో 3జీ మూసివేత సమయంలో ఇదే పెద్ద సమస్య అయింది. కొన్ని ఫోన్లలో మామూలు కాల్స్ 4జీ మీద బాగానే వెళ్లేవి. అత్యవసర నంబరు 000కు కాల్ చేస్తే మాత్రం ఫోన్ 3జీ కోసం వెతికేది. అలాంటి ఫోన్లను నెట్‌వర్క్‌లోకి అనుమతించకూడదని అక్కడి నియంత్రణ సంస్థ నిబంధన తెచ్చింది. మెల్‌బోర్న్‌కో సిడ్నీకో పాత ఫోన్‌తో వెళ్లే పెద్దవాళ్లు ఉంటే ఇది గుర్తుంచుకోవాలి.

+91 నంబరుతో వచ్చే నకిలీ కాల్‌కూ రోమింగ్‌కూ సంబంధం ఏమిటి?

'మీ పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి', 'మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేస్తున్నాం' అంటూ బెదిరించే కాల్స్‌లో చాలా వరకు విదేశాల నుంచి వస్తాయి. తెరమీద మాత్రం +91తో మొదలయ్యే నంబరు కనిపిస్తుంది. ఇంటర్నెట్ మీద కాల్ పుట్టించేటప్పుడు చేసేవారి నంబరు స్థానంలో ఏదైనా రాసే వీలుండటమే కారణం.

విదేశం నుంచి వచ్చే +91 కాల్స్ అన్నిటినీ ఆపేస్తే సరిపోదా? సరిపోదు. డాలస్ నుంచి నిజంగానే మీ నాన్నగారు తన నంబరుతో కాల్ చేస్తూ ఉండవచ్చు. అందుకే టెలికాం శాఖ కంపెనీలతో కలిసి ఒక కేంద్రీకృత వ్యవస్థను తెచ్చింది. విదేశం నుంచి +91 నంబరుతో కాల్ రాగానే, ఆ నంబరు నిజంగా విదేశంలో రోమింగ్‌లో ఉందా అని అది సరిచూస్తుంది. లేకపోతే కాల్ నకిలీ అని తేల్చి ఆపేస్తుంది. 2024 అక్టోబర్ 22న ఇది ప్రారంభమైంది. మొదటి 24 గంటల్లోనే 1.35 కోట్ల కాల్స్‌ను ఆపినట్టు ప్రభుత్వం ప్రకటించింది. భారత నంబర్లతో వచ్చిన విదేశీ కాల్స్‌లో అవి సుమారు 90 శాతం.

మోసగాళ్లు ఆ తర్వాత నేరుగా విదేశీ నంబర్ల నుంచే కాల్ చేయడం పెంచారు. తెలిసినవారు లేని దేశం కోడ్‌తో కాల్ వస్తే ఎత్తకపోవడమే మేలు. అనుమానాస్పద కాల్‌ను సంచార్ సాథీ పోర్టల్‌లోని 'చక్షు' విభాగంలో నమోదు చేయవచ్చు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి.

రోమింగ్ దారిలో ఓటీపీలు భద్రమేనా?

పాత ఎస్ఎస్7 వ్యవస్థను కొద్ది కంపెనీలే ఉన్న రోజుల్లో, ఒకరినొకరు నమ్ముతారన్న భరోసాతో తయారుచేశారు. 'ఈ నంబరు ఇప్పుడు మా దగ్గర ఉంది' అని ఒక కంపెనీ చెబితే మరొకటి నమ్మేది. 2014లో జర్మనీ పరిశోధకులు ఈ బలహీనతను బయటపెట్టారు. 2017లో అక్కడే కొందరి బ్యాంకు ఓటీపీలను ఈ దారిలో పక్కకు మళ్లించి డబ్బు కాజేసిన ఘటనలు నిజమేనని ఓ2 టెలిఫోనికా ధ్రువీకరించింది.

4జీలోని డయామీటర్‌లోనూ కొన్ని ఇబ్బందులు మిగిలాయి. అందుకే కంపెనీలు సరిహద్దుల్లో ఫైర్‌వాల్‌లు పెడుతున్నాయి. 5జీలో ఈ పనిని ప్రమాణంలోనే చేర్చారు. రెండు కంపెనీల మధ్య నడిచే ప్రతి సందేశాన్నీ తనిఖీ చేసే సెప్ అనే ద్వారపాలకుడు ఉంటాడు. అయితే విదేశీ రోమింగ్‌లో పూర్తి స్థాయి 5జీ ఇంకా తక్కువే. మనవైపు నుంచి చేయగలిగింది ఒకటుంది. ఈమెయిల్ లాంటి ముఖ్యమైన ఖాతాలకు ఎస్ఎంఎస్ ఓటీపీకి బదులు అథెంటికేటర్ యాప్ వాడటం మంచిది.

బిల్లు ఎలా తయారవుతుంది?

మీరు విదేశంలో వాడిన ప్రతి కాల్, మెసేజ్, డేటా వివరాలను అక్కడి కంపెనీ నిర్ణీత పద్ధతిలో ఫైలుగా మన కంపెనీకి పంపుతుంది. కంపెనీలు హోల్‌సేల్ ధరకు లెక్కలు చూసుకుంటాయి. మనకు పడేది రిటైల్ ధర. రెండిటి మధ్య తేడా చాలా ఉండవచ్చు. ప్యాక్ లేకుండా డేటా ఆన్ చేస్తే వేలల్లో బిల్లు రావడం అందుకే.

ఐరోపా సమాఖ్యలో హోల్‌సేల్ ధరలకు చట్టమే పరిమితి పెట్టింది. 2017 జూన్ 15 నుంచి అక్కడి సభ్య దేశాల మధ్య ప్రయాణిస్తే సొంత దేశంలోని ధరలే వర్తిస్తున్నాయి. మనకు అలాంటి ఒప్పందం ఏ దేశంతోనూ లేదు కాబట్టి ప్యాక్ చూసుకోవడమే మార్గం.

కాల్ ఎత్తినా ఛార్జీ పడవచ్చని మర్చిపోకండి. గుంటూరు నుంచి చేసినవారు మామూలు లోకల్ కాల్‌కే చెల్లిస్తారు. భారత్ నుంచి మీరున్న దేశం దాకా మోసిన ఖర్చు మీ ఖాతాలో పడుతుంది. విమానాల్లో, ఓడల్లో కూడా ఫోన్ ఉపగ్రహ నెట్‌వర్క్‌ను అందుకోవచ్చు. ఆ దేశం ప్యాక్ దానికి వర్తించదు. పశుపతినాథ్ యాత్రకు వెళ్లేవారు నేపాల్ సరిహద్దు దగ్గరికి రాగానే ఫోన్ ఏ నెట్‌వర్క్‌లో ఉందో ఒకసారి చూసుకోవాలి.

దేశం లోపల రోమింగ్ అవసరం తీరిపోయిందా?

ఛార్జీలు పోయాయి గానీ అవసరం పోలేదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపానుకు విశాఖలో టవర్లు మూగబోయి, అయినవాళ్ల క్షేమం తెలియక జనం పడ్డ అవస్థ ఇప్పటికీ గుర్తే. ఒక కంపెనీ టవర్ పడిపోయి పక్కనే ఇంకో కంపెనీ టవర్ పనిచేస్తున్నా, మామూలుగా మీ ఫోన్ దాన్ని వాడుకోలేదు. ఒకే సర్కిల్‌లో ఒక కంపెనీ వినియోగదారులు మరో కంపెనీ టవర్‌ను వాడుకునే ఏర్పాటును ఇంట్రా సర్కిల్ రోమింగ్ అంటారు. విపత్తుల్లో టెలికాం శాఖ ఆదేశిస్తే దీన్ని తాత్కాలికంగా తెరుస్తారు. అలాంటప్పుడు ఫోన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ ఎంపికను మాన్యువల్‌కు మార్చి, కనిపించిన మరో కంపెనీని ఎంచుకోవచ్చు.

ప్రభుత్వ నిధులతో మారుమూల గ్రామాల్లో వేసిన 4జీ టవర్లను జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ వినియోగదారులు కలిసి వాడుకునేలా 2025 జనవరి 17న కేంద్రం ఈ సౌకర్యం ప్రారంభించింది. ఏజెన్సీ గ్రామాలకు ఉపయోగపడే ఏర్పాటు ఇది. అత్యవసర నంబరు 112కు అయితే ఇవేవీ అక్కర్లేదు. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా, అందుబాటులో ఉన్న ఏ నెట్‌వర్క్ మీదైనా ఆ కాల్ వెళ్లేలా ఫోన్లను తయారుచేస్తారు.

బయలుదేరే ముందు ఇవి చూసుకోండి

• మీ కంపెనీ యాప్‌లో గానీ కస్టమర్ కేర్‌లో గానీ 'ఆ దేశంలో వోల్టీ రోమింగ్ ఉందా? ఏ కంపెనీ మీద?' అని అడగండి. 'రోమింగ్ ఉందా' అని మాత్రమే అడిగితే డేటా గురించి చెప్పి ఊరుకోవచ్చు.

• అది మీ ఫోన్ మోడల్‌లో పనిచేస్తుందో కూడా అడగండి. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. సెట్టింగ్స్‌లో వోల్టీ ఆన్‌లో ఉందో చూడండి.

• ప్యాక్ వేసుకున్నాక డేటా రోమింగ్ ఆన్ చేయండి. కొన్ని ఫోన్లలో ఇది ఆఫ్‌లో ఉంటే వోల్టీ కాల్స్ కూడా ఆగిపోవచ్చు. ప్యాక్ లేకపోతే మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి.

• దిగాక కాల్ కలవకపోతే ఫోన్‌ను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. అప్పటికీ కుదరకపోతే మాన్యువల్‌గా మరో నెట్‌వర్క్ ఎంచుకోండి. ఒక కంపెనీతో లేని ఒప్పందం మరో దానితో ఉండవచ్చు.

• వైఫై కాలింగ్ ఇక్కడే ఆన్ చేసుకోండి. విదేశాల్లో దానికి ఛార్జీ ఎలా ఉంటుందో ముందే తెలుసుకోండి. కంపెనీని బట్టి మారుతుంది.

• పెద్దవాళ్లు ఎక్కువ రోజులు ఉండబోతుంటే, అక్కడి సిమ్ ఒకటి రెండో స్లాట్‌లో వేయించండి. బ్యాంకు ఓటీపీల కోసం మన సిమ్, కాల్స్‌కూ అత్యవసరానికీ అక్కడి సిమ్.

• ఆ దేశపు అత్యవసర నంబరును కాగితం మీద రాసి పర్సులో పెట్టండి.

తేడా వస్తే ఎవరికి చెప్పాలి?

డబ్బు తీసుకుని సేవ ఇవ్వకపోయినా, వాడనిదానికి బిల్లు వచ్చినా ముందు మీ కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. కాల్ కలవని సమయం, అప్పుడు ఫోన్‌లో కనిపించిన నెట్‌వర్క్ పేరుతో స్క్రీన్‌షాట్ ఉంచుకోండి. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి ఉచితంగా అప్పీలు చేయవచ్చు. అది 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులు తీసుకోదు. టెలికాం శాఖ ప్రజా ఫిర్యాదుల విభాగానికి 1063 నంబరు ఉంది. టెలికాం సేవల మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు ఉందని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

సిగ్నల్ గీతలు చెప్పేది ఒక్కటే: పక్కన టవర్ ఉందని. ఆ టవర్ వెనుక ఉన్న కంపెనీకీ మీ కంపెనీకీ మధ్య కాల్స్ కోసం ఒప్పందం ఉందో లేదో అవి చెప్పవు. అది ఇంట్లో ఉండగానే అడిగి తెలుసుకోవాల్సిన విషయం.